సరిపడా ప్రమాదం

మా పిండి మర మోటారు కాలిపోయింది చూశారూ, అక్కణ్ణుంచి మొదలండి ఇదంతా. పది హార్స్ పవర్ మోటారు. శనగపప్పు పడుతూ ఉంటే మధ్యలో కుయ్‌మని ఏడ్చి, ఇంత పొగ వదిలి పడుకుంది. కాయిలు చుట్టేవాడు ఇవాళ రేపు అంటూ రెండు నెలలు తిప్పాడు. ఆ రెండు నెలలూ ఇంటి అప్పు వాయిదా కట్టలేకపోయాను. పదకొండేళ్ళల్లో అదే మొదలు. మా ఆయన పోయిన నెలలో కూడా, పెద్దకర్మ కాకుండానే మా తమ్ముడి చేత పంపించి కట్టించినదాన్ని నేను.

నా పేరు గుత్తుల వీరవేణి అండి. మాది రామచంద్రపురం. ముందు వైపు మర, వెనక రెండు గదులు, ఇదీ మా ఇల్లు. నేనూ, మా ఆడపడుచు మంగా ఉంటాం. మర ఆ ఇంట్లో ఉంది కాబట్టి మాకు అన్నం ఉంది. ఇల్లు పోతే రెండూ పోతాయి. అంతకన్నా చెప్పడానికేం లేదు.

మోటారు బాగైంది. తిరిగి వారం రోజులు ఆడించేసరికి ఒక వాయిదాకి సరిపడా డబ్బు పోగైంది. రెండోది ఇంకో పది రోజుల్లో వస్తుంది. ఆ మొదటిది చెంగున కట్టుకుని గృహానంద ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్ళాను. కింద డబ్బు కట్టే కౌంటరు, దాని ముందు లైను. పక్కనే కొత్త బోర్డు: ‘మీ ఇల్లు పోయే ప్రమాదంలో ఉందా? గృహరక్ష సలహా కేంద్రం. ఉచితం. పై అంతస్తు.’ చెప్పొద్దూ, ఉచితం అన్న మాట చూశాక ఆ లైన్లో నిలబడబుద్ధి కాలేదండి. మెట్లెక్కేశాను. నేను చేసిన పాపం అదే.

పైన ఏసీ గది. కుర్చీలకి తెల్ల గుడ్డలు తొడిగారు. అందులో హయగ్రీవరావు గారు, ముఖ్య సలహాదారు. హైదరాబాదులో మూడు రోజులు శిక్షణ పొందొచ్చారట, ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి వెనక తగిలించారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. మా ఊళ్ళో నన్ను చూసి ఎవరైనా లేచి నిలబడటం అదే మొదలు. టీ తెప్పించారు. నా కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, పాపం, మొహం దిగేసుకున్నారు.

“మీ ఇల్లు ఇంకా సరిపడా ప్రమాదంలో లేదమ్మా,” అన్నారు.

“అది మంచిదే కదండీ?”

“మంచిదే. కానీ పథకానికి అర్హత రాదు. మీరు అతిక్రమించినవి రెండు వాయిదాలే. తృతీయ వాయిదా అతిక్రమణతో ప్రథమ దశ ఆరంభం. ఆపైన నోటీసు ప్రదర్శన. ఆపైన లాంఛన స్వాధీనం. ఆపైన వేలం ప్రకటన. చతుర్థ దశకు చేరుకున్న గృహాలను మాత్రమే మేము రక్షించగలం. అప్పుడు చూడండి, జరిమానా వడ్డీ మాఫీ, వడ్డీ రేటులో ఒక శాతం తగ్గింపు, గడువు ఐదేళ్ళ పొడిగింపు.”

“మొదట్లోనే రక్షించేస్తే సరిపోదా అండి?”

ఆయన నా వంక జాలిగా చూశారు. “నీళ్ళల్లో దిగని మనిషిని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి లాగామనుకోండి. దాన్ని రక్షణ అంటారా అమ్మా? లాగుడంటారు. లాగుళ్ళకి మా దగ్గర పద్దు లేదు.”

అదీ నిజమే కదా అనిపించింది నాకు. అయినా చెంగు ముడి విప్పి, “ఒక వాయిదా తెచ్చానండి, కింద కట్టేసి వెళ్తాను,” అన్నాను. ఆయన కుర్చీలోంచి ఎగిరి నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

“ఆ పని మాత్రం చెయ్యకండి! కడితే మీరు కోలుకుంటారు. కోలుకుంటే మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు.”

ఇంటికొచ్చి మంగకి చెప్పాను. అది చేటలో బియ్యం చెరుగుతూ, “డబ్బిస్తామంటే వద్దనే ఆఫీసేంటొదినా? నాకేదో తేడాగా ఉంది,” అంది. “చదువుకున్నాయన చెప్పాడు, నువ్వూరుకో,” అన్నాను. ఆ మాట ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీయండి.

అలా నా చేతిలో డబ్బుండగా, నా ఒంట్లో ఓపికుండగా, మూడో వాయిదా ఎగ్గొట్టాను. మర్నాడే హయగ్రీవరావు గారు ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పారు.

పది రోజులకి నోటీసు పట్టుకొచ్చారు. నిబంధన ప్రకారం దాన్ని ఇంటి ప్రధాన ద్వారానికి అంటించాలి. మా ప్రధాన ద్వారం మర షట్టరే కదా. ఆయన తెచ్చిన మనిషి మైదాపిండి జిగురు బాగా పట్టించి షట్టరు మధ్యలో అంటించాడు. ఫోటో తీశారు. ఆ ఫోటోలో తేదీ, టైము, మా ఇల్లు భూమ్మీద ఎక్కడుందో కూడా పడిందట.

తెల్లారి లేచి రోజూ లాగే షట్టరు పైకెత్తాను. నోటీసు కూడా షట్టరుతో పాటు చుట్టుకుని పైన డబ్బాలోకి పోయింది. పదిన్నరకి హయగ్రీవరావు గారు స్కూటరు మీద వచ్చి గుండె పట్టుకున్నారు.

“ఏం చేశారమ్మా! నోటీసు నిరంతర దర్శనీయత దెబ్బతింది. ముప్ఫై రోజులు అహోరాత్రములు ప్రజలకు కనిపించాలి. లేకపోతే మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క.”

“షట్టరెత్తకపోతే మర ఎలా ఆడించమంటారండి?”

“ఆడించవద్దనలేదే! షట్టరు ఎత్తవద్దన్నాను. రెండూ వేరు.”

ఏప్రిల్ నెలండీ అది. ఆవకాయ రోజులు. ఊళ్ళో ప్రతి ఇంటి వాళ్ళూ ఎండిన మిరపకాయల బస్తాలు, ఆవాల మూటలు పట్టుకుని మర ముందు కూర్చునే నెల. ఏడాదిలో మేము నాలుగు డబ్బులు వెనకేసుకునేది ఆ నలభై రోజుల్లోనే. ఆ నలభై రోజుల్లో ముప్ఫై రోజులు షట్టరు దించి కూర్చోమంటాడీయన. నాకు ఒళ్ళు మండింది. కానీ ఇప్పటికే మూడు ఎగ్గొట్టి కూర్చున్నాను. ఇప్పుడు మానేస్తే అటు పథకమూ పోద్ది, ఇటు జరిమానాలూ నెత్తిన పడతాయి. సరేనన్నాను.

మంగే ఉపాయం ఆలోచించింది. పక్క సందులోంచి పెరటి తలుపు మీదుగా మరలోకి దారి పెట్టాం. జనం సందులోంచి వస్తున్నారు, కారం పట్టించుకుని తుమ్ముకుంటూ వెళ్తున్నారు. నాలుగో రోజుకి ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి కాగితం మీద రాసుకొచ్చి చదివారు.

“మీ పెరటి మార్గము నోటీసు ఎగవేత మార్గముగా పరిగణించబడుచున్నది. ప్రజలు నోటీసును చూడకుండా లోనికి ప్రవేశించుచున్నారు. కావున ప్రతి ఒక్కరూ ముందుగా షట్టరు వద్దకు వచ్చి, నోటీసును దర్శించి, చూశానని రిజిస్టరులో సంతకము చేసిన మీదట మాత్రమే పెరటి మార్గమున ప్రవేశించవలెను.”

రిజిస్టరు కూడా ఆయనే తెచ్చిచ్చారు, ఉచితంగా.

ఇక చూడండి మా వీధి. మిరపకాయల మూట నెత్తిన పెట్టుకుని ఆడాళ్ళంతా షట్టరు ముందు లైను. చదువొచ్చినవాళ్ళు చదువుకుంటున్నారు, రానివాళ్ళు చదివి పెట్టమంటున్నారు. మంగ స్టూలెక్కి రోజుకి నలభై సార్లు, ‘ఇందుమూలముగా ఋణగ్రహీత గుత్తుల వీరవేణి, భర్త కీర్తిశేషులు భీమశంకరం’ అని మొదలుపెట్టి చదువుతుంది. మా ఆయన పేరు వచ్చినప్పుడల్లా చదవడం ఆపి ముక్కు చీదుకునేది. సొంత అన్న కదండీ. వినేవాళ్ళు చెంగులతో కళ్ళు ఒత్తుకుని, సంతకం పెట్టి, కొందరైతే చిల్లర కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయేవారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. కొందరు మొహమాటపడి అసలు రావడమే మానేశారు. కష్టంలో ఉన్న మనిషి దగ్గర తూకం సరిచూసుకోలేం కదా, అందుకని పక్క వీధి మరకి పోయారు.

ముప్ఫై రోజులకి పదిహేనొందల పన్నెండు సంతకాలు. జిల్లాలో రికార్డట. హయగ్రీవరావు గారు రిజిస్టరు కళ్ళకద్దుకున్నారు.

తర్వాత లాంఛన స్వాధీనం. నలుగురు మనుషులు జీపులో దిగారు. చేతిలో గుమ్మడికాయంత ఇత్తడి తాళం. వెళ్ళి షట్టరుకి అడ్డంగా నిలబడ్డాను.

“కంగారు పడకండమ్మా, ఇది లాంఛనం,” అన్నారు సలహాదారు గారు. “నిజంగా వెయ్యం. తలుపు దగ్గర పట్టుకుని ఫోటో దిగుతాం. దిగిన క్షణం నుంచి ఇల్లు లాంఛనంగా మాది. మీరు వాస్తవంగా ఉండొచ్చు.”

తాళం ఒక వైపు ఆయన పట్టుకున్నారు, ఇంకో వైపు నన్ను పట్టుకోమన్నారు. ఫోటో అనేసరికి అలవాటు కొద్దీ నవ్వాను కాబోలు, ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “నవ్వితే ప్రమాద తీవ్రత తగ్గుతుందమ్మా. పైవాళ్ళు ఫైలు వెనక్కి కొడతారు. ఏదైనా బాధ గుర్తుచేసుకోండి.” వెతుక్కోవాల్సిన పని లేదు కదండీ నాకు. ఒక్కసారికే బాగా వచ్చింది ఫోటో.

ఆ మీదట వేలం గురించి వీధిలో టముకు వేయించాలి. మా ఊళ్ళో టముకు వేసేది ఏసురత్నం. అతని భార్య పదేళ్ళుగా మా మరలోనే పిండి పట్టిస్తుంది. అతను టముకు మెళ్ళో వేసుకొచ్చి, కాగితంలో నా పేరు విని, టముకు తీసి అరుగు మీద పెట్టేశాడు.

“నేను వెయ్యనండి. ఈవిడ ఇంటి మీద వేలం పాటా? నా నోటితోనా? మీ డబ్బులొద్దు, ఏవీ వద్దు.”

“అలా అనకూడదు ఏసురత్నం,” అన్నారు హయగ్రీవరావు గారు. “నువ్వు చాటింపు వెయ్యకపోతే చతుర్థ దశ పూర్తి కాదు. పూర్తి కాకపోతే ఈవిడ ఇంటిని రక్షించే అవకాశం మాకుండదు. నీ స్నేహం వల్లే ఇల్లు పోయిందన్న అపవాదు నీకెందుకు?”

ఏసురత్నం నా మొహం చూశాడు. నేనే, “వెయ్యి ఏసురత్నం, నా మేలుకే,” అన్నాను. పాపం ఆ మనిషి ఒక్కసారి వెయ్యమంటే మూడు సార్లు వేశాడు. మా వీధి, పక్క వీధి, బస్టాండు, చేపల మార్కెట్టు కూడా తిరిగొచ్చాడు. గొంతు పోయిందాకా అరిచి, “చాలా అమ్మా? ఇప్పుడు గట్టెక్కేసినట్టేనా?” అని అడిగాడు. సంతకాలు పెట్టిన ఆడాళ్ళు, గొంతు పోగొట్టుకున్న ఏసురత్నం, స్టూలెక్కి చదివిన మంగ, అందరూ నా మీద ప్రేమ కొద్దీ నా ఇంటిని తలా ఒక చెయ్యి వేసి వేలం దాకా మోసుకెళ్ళారు.

పేపర్లో ప్రకటన పడిన రోజున సలహాదారు గారు తాపేశ్వరం కాజాల పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చారు. “సాధించారమ్మా!” అన్నారు.

ఈలోగా నేను ఖాళీగా కూర్చోలేదు. పెరటి తలుపు సంపాదన, మంగ చీటీ పాడిన డబ్బు, నా చేతి గాజులు రెండు అమ్మగా వచ్చింది, అన్నీ కలిపి బాకీ వాయిదాలన్నీ, జరిమానాలతో సహా పోగుచేశాను. సంచీలో పెట్టుకుని పై అంతస్తుకి వెళ్ళాను.

“ఇప్పుడు సరిపడా ప్రమాదంలో ఉన్నానా అండి?”

“సంపూర్ణంగా ఉన్నారు.”

“అయితే ఇదిగో డబ్బు. తీసుకుని రక్షించండి.”

“ఇక్కడ కాదమ్మా, వేదిక మీద!” అన్నారాయన. “మీరు మా జోనులో తొలి రక్షిత గృహం. విశాఖపట్నం నుంచి జోనల్ మేనేజరు గారు స్వయంగా విచ్చేస్తున్నారు. మీ సొమ్ము వారి హస్తాల మీదుగా స్వీకరించి, రక్షణ పత్రం అందజేస్తారు. వేలం పదకొండు గంటలకి, సభ పదిన్నరకి. చివరి అరగంటలో రక్షిస్తేనే కదా దానికొక అందం!”

నాకెందుకో మనసాగక, కిందికి దిగి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ఆ క్యాషియరు కుర్రాడు కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు. నా పేరు ఎర్రగా ఉంది. “మీది వేలం విభాగానికి వెళ్ళిపోయిందండి. ఇక్కడ ఒక్క రూపాయి కూడా తీసుకోదు. రెండు నెలల క్రితం వచ్చుంటే ఐదు నిమిషాల పని,” అన్నాడు. సంచీ మూతి బిగించుకుని ఇంటికొచ్చేశాను.

సభ రోజు పొద్దున్నే నేనూ మంగా తలస్నానాలు చేసి, సంచీ పట్టుకుని పదింటికల్లా వెళ్ళాం. పైన హాల్లో బేనరు కట్టారు, దీపపు సెమ్మె పెట్టారు, జీడిపప్పు పొట్లాలు పళ్ళెంలో సర్దారు. ఓ ఇరవై మంది దాకా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎవరు వీళ్ళు అని అడిగాను. “ప్రథమ దశ ఆశావహులు,” అన్నారు హయగ్రీవరావు గారు. పొద్దున్న వాయిదా కడదామని కింద కౌంటరుకొచ్చి, బోర్డు చూసి పైకెక్కిన వాళ్ళట. అందరివీ రెండేసి వాయిదాలే బాకీ. నన్ను చూసి స్ఫూర్తి పొందడానికి కూర్చోబెట్టారు. ఒకావిడ ఒళ్ళో డబ్బు రుమాల్లో చుట్టుకుని గట్టిగా పట్టుకుని ఉంది.

పదిన్నరైంది. జోనల్ మేనేజరు గారు రాలేదు. సామర్లకోట దగ్గర రైల్వే గేటు పడిందట. గూడ్సు ఆగిపోయిందట. పది నలభై ఐదైంది. కింద వెనక గదిలో వేలానికి బల్ల వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఏవండీ, మీరే తీసుకోండి డబ్బు. ఆయనొచ్చాక మళ్ళీ ఇచ్చినట్టు ఫోటో దిగుదాం,” అన్నాను.

“అది అవాస్తవ చిత్రణ అవుతుందమ్మా. మేము అలాంటివి చెయ్యం.”

కిందికి పరిగెత్తాను. వేలం ఆఫీసరు గారు గడియారం చూసుకుంటున్నారు. “అయ్యా, ఆ ఇల్లు నాదే. బాకీ మొత్తం ఇదిగో,” అని సంచీ విప్పి బల్ల మీద పెట్టాను.

“ఇది పాటదారుల గది. పాటదారులంటే నిన్న సాయంత్రంలోగా డిపాజిట్టు కట్టినవాళ్ళు. మీరు రక్షణ విభాగం. పైకి వెళ్ళండి.”

పైకి పరిగెత్తాను. “గేటు తీశారట, బయల్దేరారు. సభా మర్యాద పాటించండి,” అన్నారు హయగ్రీవరావు గారు. మళ్ళీ కిందికి. తలుపు దగ్గర ప్యూను అడ్డం నిలబడ్డాడు. లోపల్నుంచి “ఒకటోసారి” అని వినిపించింది. నేను అతని భుజం మీదుగా, “నా దగ్గర డబ్బుందండీ, కడతానంటున్నానండీ!” అని అరిచాను. “రెండోసారి” అన్నారు. అరుస్తూనే ఉన్నాను. “మూడోసారి” అన్నారు. ఎవరో బంగారు ఫ్రేము కళ్ళద్దాలాయన, మా వీధి మొహం కూడా ఎరగనాయన, సంతకం పెట్టడానికి కలం తీశాడు.

అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చానండి. మంగ నా తల ఒళ్ళో పెట్టుకుని అదీ ఏడ్చింది.

పదకొండూ యాభైకి జోనల్ పెద్దాయన దిగారు. సభ మొదలైపోయింది. పత్రాలు అచ్చేశారు కదా, దండ కొన్నారు కదా, మానెయ్యడం ఎలా? నన్ను లేవదీసి, మొహం కడిగించి, వేదిక మీద కూర్చోబెట్టారు. నాకు శాలువా కప్పారు. ‘తొలి రక్షిత గృహం’ అని రాసున్న షీల్డు చేతిలో పెట్టారు.

“ఏం రక్షించారండీ? ఇల్లు పోయింది కదా!” అన్నాను, హయగ్రీవరావు గారి చెవిలో.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “గృహానికేమైందమ్మా? చెక్కుచెదరలేదు. ఒక్క ఇటుక కదిలిందా చెప్పండి? మాది గృహరక్ష. గృహస్థుల రక్ష వేరే విభాగం. దానికి పోస్టులు ఇంకా మంజూరు కాలేదు.” ఇలా అని మైకు ముందుకెళ్ళి, “ఇప్పుడు లబ్ధిదారు వీరవేణి గారు తమ అనుభవాన్ని రెండు మాటల్లో పంచుకుంటారు,” అన్నారు.

మైకు దగ్గర నిలబడ్డాను. ఎదురుగా ఇరవై మంది నా వంక ఆశగా చూస్తున్నారు. రుమాలావిడ ఇంకా అలాగే పట్టుకుని ఉంది ఆ మూటని. గోడ గడియారం చూశాను. పన్నెండున్నర కావస్తోంది.

“డబ్బులు తెచ్చుకున్నారా?” అని అడిగాను.

తెచ్చామన్నట్టు తలలూపారు.

“కింద కౌంటరు ఒంటిగంటకి మూసేస్తారు. ఇంకో మాట అడక్కుండా, ఈయన సలహా వినకుండా, ఇప్పుడే లేచి వెళ్ళి కట్టెయ్యండి. నా చేతిలో డబ్బుండగానే నా ఇల్లు అమ్మేశారు. గంటన్నర కూడా కాలేదు. లేవండి, లేవండి!”

ముందు రుమాలావిడ లేచింది. ఆ తర్వాత కుర్చీలు కిందపడ్డ చప్పుడే గానీ మనుషులు కనపడలేదండి. “ఆగండి, మీరింకా ప్రథమ దశకి కూడా రాలేదు!” అని హయగ్రీవరావు గారు మెట్ల దాకా వెంటపడ్డారు. జోనల్ పెద్దాయన జీడిపప్పు నముల్తూ, కార్యక్రమంలో ఇదొక అంశం అనుకుని చప్పట్లు కొట్టారు.

నేనూ మంగా కిందికి దిగి లైను చివర నిలబడ్డాం. క్యాషియరు కుర్రాడు వంచిన తల ఎత్తకుండా రసీదులు కొడుతున్నాడు. ఒక్కొక్కరే కట్టి, రసీదు మడతపెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని వెళ్తున్నారు. ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా మా వంతు వచ్చింది.

“మీదెంతండీ?” అన్నాడు కుర్రాడు. అప్పుడు తలెత్తి నన్ను గుర్తుపట్టి ఆగిపోయాడు.

“నాదేం లేదు బాబూ. వీళ్ళకి తోడొచ్చాను,” అన్నాను.